అమ్మానాన్నలకు 25 వేలలో టీవీ: 32 చాలా, 43 కావాలా?

కాలువగట్టు
అమ్మానాన్న గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు. నేను విజయవాడలో. ఇంట్లో ఉన్న పాత 32 అంగుళాల టీవీ మొన్న పోయింది. మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ లేదు. కొత్తది కొందామని నిన్న గవర్నర్‌పేటలో దుకాణాలు తిరిగాను. వెళ్ళిన ప్రతిచోటా ఒక కొత్త పదం నేర్పి పంపారు. క్యూఎల్ఈడీ అన్నారు, హెచ్‌డీఆర్ అన్నారు, డాల్బీ అన్నారు, లోపల ఏదో ఇంజిన్ ఉందన్నారు.

మా వాళ్ళు చూసేది పొద్దున ఎస్వీబీసీ, సాయంత్రం సీరియళ్ళు, రాత్రి వార్తలు. నాన్నకు క్రికెట్. సినిమా ఎప్పుడో పండగకు. కేబుల్ కనెక్షన్ ఉంది. కుర్చీలకూ టీవీకీ మధ్య తొమ్మిది అడుగులు ఉంటుంది. బడ్జెట్ 25 వేలు. దుకాణంలో కుర్రాడు మాత్రం 55 తీసుకోమని వెంటపడ్డాడు, "ఇప్పుడు 43 ఎవరూ కొనడం లేదు సార్" అంటూ. నిజమేనా?

టంకం
కొత్తది కొనే ముందు ఒక పని చేయండి. రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆర్పి, ఆ పాత టీవీ పెట్టి, తెరకు బాగా దగ్గరగా, కాస్త ఏటవాలుగా టార్చి వేసి చూడండి. లోపల మనుషులు మసకమసకగా కదులుతూ కనిపిస్తే ప్యానల్, అంటే బొమ్మ వేసే తెర పలక, బాగున్నట్టే. పోయింది వెనక నుంచి వెలుగునిచ్చే ఎల్ఈడీ పట్టీలు. వాటిలో బల్బులు ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కటి పోయినా వరుస మొత్తం ఆరిపోతుంది. పట్టీలు మార్చడానికి రెండు, మూడు వేలకు మించదు.

పునుగులచట్నీ
టంకం గారు ఈ లోకంలో ఎవరినీ కొత్త వస్తువు కొననివ్వరు. నా మిక్సీని కూడా ఇలాగే బతికించారు. ఇప్పటికీ అరుస్తూనే ఉంది.

కాలువగట్టు
తమ్ముడితో టార్చి వేయించాను. మనుషులు కనిపిస్తున్నారట! కానీ ఆ టీవీ కొని పదేళ్ళు దాటింది. బాగుచేయిస్తే ఎన్నాళ్ళు వస్తుంది?

టంకం
నాలుగేళ్ళు రావచ్చు. పట్టీలు మార్చిన ఆరు నెలలకు బోర్డు పోనూవచ్చు. అంత పాతదానికి నేను పూచీ ఇవ్వను. బాగుచేయించి పడకగదిలో పెట్టండి, హాలుకు కొత్తది కొనండి.

కొత్తదానికి కూడా ఒక మాట. బ్యాక్‌లైటు నూటికి నూరు పెట్టి చూడవద్దు. యాభై, అరవై చాలు. దుకాణంలో ట్యూబులైట్ల మధ్య మెరవాలని పెట్టిన వెలుగును ఇంటికి తెచ్చాక ఎవరూ తగ్గించరు. నా బల్ల మీదకు వచ్చే టీవీల్లో చాలావాటి జబ్బు అదే.

లెక్కలమాస్టారు
55 అన్నవాడి మాట పక్కన పెట్టండి. కేబుల్లో మామూలు ఎస్‌డీ ఛానల్ వస్తుంది కదా, ఆ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 4,14,720. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 ఇంటూ 1080, అంటే 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు. 4కే తెరలో 3840 ఇంటూ 2160, అంటే 82,94,400. సరిగ్గా ఇరవై రెట్లు.

దీని అర్థం ఏమిటి? మీ అమ్మగారు 4కే తెర మీద ఎస్‌డీలో సీరియల్ చూస్తుంటే, ప్రతి ఇరవై చుక్కల్లో ఒక్కటే ఛానల్ వాడు పంపింది. మిగిలిన పందొమ్మిదీ టీవీ తనంతట తాను ఊహించి వేసినవి. ఆ ఊహించే చిప్పు చవక టీవీల్లో అంతంతమాత్రం. అందుకే పెద్ద టీవీ కొన్నవాళ్ళు "పాత టీవీలోనే బొమ్మ బాగుండేది" అంటారు. అది భ్రమ కాదు.

ఇక దూరం. మామూలు కంటిచూపుకు 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు విడివిడిగా కనిపించేది సుమారు అయిదున్నర అడుగుల లోపల. మీది తొమ్మిది అడుగులు. అక్కడి నుంచి 4కే, ఫుల్ హెచ్‌డీ పక్కపక్కన పెట్టినా తేడా చెప్పలేరు. 43 ఫుల్ హెచ్‌డీ తీసుకోండి, మిగిలిన డబ్బు అమ్మగారికి ఇవ్వండి.

ఏలూరురోడ్డు
మాస్టారి లెక్క తప్పు అనను, కానీ దుకాణంలో ఆ లెక్క చెల్లదు. 43లో ఇప్పుడు మంచి ప్యానలు, మంచి చిప్పు అన్నీ 4కే వాటికే పెడుతున్నారు. ఫుల్ హెచ్‌డీ అంటే కంపెనీ దృష్టిలో చివరి బెంచీ సరుకు. పాత చిప్పు, ఒక జీబీ ర్యామ్, సన్నటి స్పీకర్లు. రెండింటికీ ధరలో తేడా మూడు, నాలుగు వేలు. చుక్కల కోసం కాదు, మిగతా సరుకు కోసం 4కే తీసుకోమంటాను.

లెక్కలమాస్టారు
మూడు వేలు ఊరికే వస్తాయా నాయనా? అయినా ర్యామ్ గురించి మీరన్నది ఒప్పుకోవలసిందే. రెండు జీబీ ఉండాలి.

జీఎస్టీ సంగతి కూడా చెప్పనివ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 32, అంతకంటే చిన్నవాటికి 2019 నుంచే 18 శాతం. అసలు ధర 20 వేలున్న టీవీ ముందు 25,600 పడేది, ఇప్పుడు 23,600. "జీఎస్టీ తగ్గింపు స్పెషల్ ఆఫర్" అని బోర్డు పెట్టి 32 అంగుళాలది అంటగడితే నమ్మవద్దు. దాని మీద అప్పుడు తగ్గిందేమీ లేదు.

గుణదల_గృహిణి
చుక్కలు లెక్కపెట్టడం అయిపోయిందా? నేనైతే ముందు సర్వీసు సంగతి అడగమంటాను. మాది ఆన్‌లైన్‌లో కొన్న 43. పేరు చెప్పను. కొన్న ఏడాదిలోపే సగం తెర మీద నిలువు గీత వచ్చింది. ఫోన్ చేస్తే "మీ పిన్‌కోడ్‌లో మా టెక్నీషియన్ లేరు" అన్నారు. అదే పిన్‌కోడ్‌కు టీవీ పంపడానికి మాత్రం వాళ్ళకు మనిషి దొరికాడు! భాగం రావాలి, పైనుంచి అనుమతి రావాలి అంటూ ఒక పండగ సీజన్ మొత్తం లాగారు. చివరికి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడారు. ఆ తర్వాత కదలిక వచ్చింది.

కాబట్టి కొనేముందు ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కు మీరే ఫోన్ చేసి, గుంటూరు పిన్‌కోడ్ చెప్పి, అక్కడ మనిషి ఉన్నాడా అని అడగండి. దుకాణదారు చెప్పే "ఉన్నారండీ" లెక్కలోకి రాదు.

కాలువగట్టు
ఇది నాకు తట్టనే లేదు. సర్వీసు అంటే గుంటూరులో కొనడమే మేలా? నేను ఇక్కడ కొని కారులో వేసుకుని వెళ్దామనుకుంటున్నాను.

టంకం
కారులో వద్దు. వెనక సీట్లో పడుకోబెడితే మధ్యలో బరువు పడి ప్యానల్ పగులుతుంది. టీవీని ఎప్పుడూ నిలబెట్టే తీసుకుపోవాలి. పగిలిన ప్యానల్‌కు వారంటీ ఉండదు, కొత్త ప్యానల్ ధర కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది.

మిర్చియార్డు
గుంటూరులోనే కొనండి. అరండల్‌పేట, లాడ్జి సెంటరు వైపు దుకాణాలకు ఏమి తక్కువ? ఆన్‌లైన్ ధర ఫోనులో చూపించండి. అదే మోడల్ నంబరుకు అయిదారు వందల తేడాలోకి దిగివస్తారు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడం మీ వంతు. మధ్యాహ్నం పూట, జనం లేనప్పుడు వెళితే బేరం బాగా సాగుతుంది. టీవీ వాళ్ళే తెచ్చి బిగించి వెళతారు, ఏదైనా అయితే మీ నాన్నగారు నడిచివెళ్ళి అడగగలరు.

నైట్‌డ్యూటీ
అయిదారు వందల తేడా అంటే నాకు నవ్వు వస్తోంది. పోయిన దసరా అమ్మకాల్లో బ్యాంకు కార్డు తగ్గింపు కలుపుకుంటే నాకు దుకాణం కంటే మూడు వేలు తక్కువకు వచ్చింది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీశాను, పగుళ్ళు ఉంటే మార్చుకోవచ్చు. బిగించేవాడు మర్నాడే వచ్చాడు.

మిర్చియార్డు
మీకు వయసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఫిర్యాదు టికెట్లు తెరిచే ఓపిక ఉంది. వాళ్ళ నాన్నగారికి ఉందా?

ఒక సంగతి గమనించండి. ఆన్‌లైన్‌లో అమ్మే మోడలూ, దుకాణంలోనిదీ చూడటానికి ఒకటే. నంబరు చివర ఒకటి రెండు అక్షరాలు మారతాయి. ప్యానలో, సోకెట్లో, స్పీకరో ఏదో ఒకటి వేరుగా ఉంటుంది. అక్షరం అక్షరం కలిపి చూడకుండా ధర పోల్చవద్దు. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం తప్పక రాసి ఉంటుంది, అది కూడా చూడండి.

ఏలూరురోడ్డు
బ్రాండు బ్రాండు అని కొట్టుకుంటారు గానీ చాలా బ్రాండ్ల టీవీలు కాంట్రాక్టు మీద తయారుచేసే కంపెనీలే బిగిస్తాయి. షియోమీ తన టీవీలను 2018లో డిక్సన్ కంపెనీతో మన తిరుపతిలోనే చేయించడం మొదలుపెట్టింది. టీసీఎల్ వాళ్ళు ప్యానల్ కర్మాగారం కూడా అక్కడే పెట్టారు.

పునుగులచట్నీ
తిరుపతిలో తయారైతే పెట్టెలో లడ్డూ వస్తుందా?

ఏలూరురోడ్డు
రాదు. వాయిదాల్లో కొంటే గుండు మాత్రం వాళ్ళే చేస్తారు.

కాలువగట్టు
తమ్ముడు కొలతలు పంపాడు. హాల్లో పాత టీవీ ఉన్నది గోడలో కట్టిన షోకేసులో. టీవీ గూడు లోపలి వెడల్పు 36 అంగుళాలు. 43 పడుతుందా?

లెక్కలమాస్టారు
ఇంతసేపు 43 గురించి వాదించుకున్నాక ఇప్పుడా చెప్పడం!

43 అంటే మూల నుంచి మూలకు కొలత. అడ్డంగా తెరే 95 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఏడున్నర అంగుళాలు. అంచు కలిస్తే 38. మీ గూట్లో పట్టదు. 40 అయితే అంచుతో కలిపి 90 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, గూడు 91. సబ్బుపెట్టెలో సబ్బులా ఇరుక్కుంటుంది. 32 మాత్రం 71 సెంటీమీటర్లు, హాయిగా కూర్చుంటుంది.

టంకం
40 ఆ గూట్లో పెట్టవద్దు. పక్కలా పైనా గాలి ఆడదు. మన మేనెల ఎండలకు లోపలి వేడి తోడైతే బోర్డుకు ఆయుష్షు తగ్గుతుంది. స్పీకర్లు కిందికి, వెనక్కి ఉంటాయి, గూట్లో మాట గొంతులో నొక్కినట్టు వినిపిస్తుంది.

కాలువగట్టు
అది నేనూ గమనించాను. నాన్న వాల్యూం పెంచుకుంటూ పోతారు, అమ్మ తగ్గిస్తూ పోతుంది.

వడ్రంగిని పిలిచి పక్క పలక తీయిద్దామా అంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. పక్క అరల్లో కొండపల్లి బొమ్మలున్నాయి. దశావతారాల వరుస. అవి కదపకూడదట.

గుణదల_గృహిణి
కదపకూడదు మరి. టీవీ అయిదేళ్ళకు మారుతుంది. షోకేసు జోలికి వెళ్ళకుండా పక్క గోడకు బిగించండి.

బుడమేరు_ఒడ్డు
గోడకే బిగించండి. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చినప్పుడు బల్ల మీద ఉన్న టీవీ నీళ్ళలో తేలింది. ఎండబెట్టి చూశాం, తెర అంచుల నుంచి లోపలికి బురదనీరు పాకి, ఆరిన తర్వాత టీ మరక లాంటి గీతలు మిగిలిపోయాయి. పక్కింటి వాళ్ళది గోడకు ఎత్తుగా ఉండటంతో బతికింది. వాళ్ళ ఇంట్లో ఫ్రిజ్, మంచం, సోఫా అన్నీ పోయాయి, టీవీ ఒక్కటే మిగిలింది. అప్పటి నుంచి నేను మనిషి ఎత్తుకు పైనే బిగించాలంటాను.

పునుగులచట్నీ
బుడమేరు కోసం పైకి, మెడ కోసం కిందికి. ఏదో ఒకటి తేల్చండి.

లెక్కలమాస్టారు
బ్రాడీపేటకు బుడమేరు రాదు. కుర్చీలో కూర్చుంటే కంటికి ఎదురుగా తెర మధ్యభాగం ఉండాలి. నేల నుంచి మూడున్నర అడుగులు, పెద్దవాళ్ళు వాలుకుర్చీలో వాలి చూస్తారంటే ఇంకో అర అడుగు పైకి. దుకాణం వాళ్ళు బిగించేటప్పుడు అలవాటుగా తలుపు ఎత్తుకు బిగించిపోతారు. పెన్సిల్‌తో ముందే గీత గీసి ఉంచండి.

స్తంభంమీదవాడు
నేను కేబుల్ పని చేస్తాను. ఇందాకటి నుంచి చూస్తున్నాను, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి ఏ వైరు ఉంది? పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులదా, బొమ్మా మాటా ఒకే వైరులో పంపే హెచ్‌డీఎంఐదా?

కాలువగట్టు
పసుపు, ఎరుపు, తెలుపు.

స్తంభంమీదవాడు
అనుకున్నాను. పదిళ్ళకు వెళితే చాలా ఇళ్ళలో అదే వైరు. ఆ పసుపు పిన్ను గుండా హెచ్‌డీ రానే రాదు. మీరు నెలనెలా హెచ్‌డీ ఛానళ్ళకు డబ్బు కడుతున్నా తెర మీదకు వచ్చేది పాత బొమ్మే. బాక్సు వెనక చూడండి, హెచ్‌డీఎంఐ సోకెట్ ఉంటే రెండు మూడు వందల వైరు కొని కలపండి. లేకపోతే ఆపరేటర్ని అడిగి హెచ్‌డీ బాక్సు మార్పించుకోండి. తర్వాత బాక్సు సెట్టింగుల్లోకి వెళ్ళి తెర ఆకారం 16:9, రిజల్యూషన్ 1080 పెట్టాలి. అది చేయకపోతే వార్తలు చదివే అమ్మాయి ముఖం చపాతీలా సాగి కనిపిస్తుంది.

ఇంకో సంగతి. కొత్త టీవీలు కొన్నింటికి ఆ మూడు రంగుల సోకెట్లు ఉండనే ఉండవు. ఒకే చిన్న రంధ్రం, దానికి ఆ మూడు పిన్నులను కలిపే వేరే తోక వైరు కావాలి. కొన్న రోజున తోక దొరక్క మాకు ఫోన్లు చేస్తారు.

లెక్కలమాస్టారు
ఈయన ఒక్క వైరుతో నా లెక్కనంతా మార్చేశారు. హెచ్‌డీ ఛానల్ వస్తే 43 నిండా బొమ్మ వస్తుంది. అప్పుడు 43 సరైన కొలత.

ఏలూరురోడ్డు
4కే అనండి మాస్టారూ, నోరు నొప్పి పుట్టదు.

లెక్కలమాస్టారు
అనను.

నైట్‌డ్యూటీ
స్టెబిలైజర్ కొనాలా వద్దా? దుకాణంలో రెండు వేలు అదనంగా అడుగుతారు.

ఏలూరురోడ్డు
కొనాలి. మా వీధిలో కరెంటు ఎక్కువ తక్కువలు చూస్తే మీరే కొంటారు.

టంకం
అక్కర్లేదు. టీవీ వెనక చీటీ చదవండి, 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. లోపల ఉండే ఎస్ఎంపీఎస్ అనే పవర్ సప్లై ఆ తేడాను తనే చూసుకుంటుంది. స్టెబిలైజర్ అనేది పాత డబ్బా టీవీల నాటి అలవాటు. టీవీలను చంపేది మెల్లగా పెరిగే వోల్టేజీ కాదు, ఒక్క దెబ్బలో వచ్చే పిడుగు. అది ఎక్కువసార్లు ప్లగ్గు గుండా కాకుండా కేబుల్ వైరు గుండా వచ్చి హెచ్‌డీఎంఐ సోకెట్ దగ్గర బోర్డును కాల్చేస్తుంది. ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీయండి, కేబుల్ వైరు కూడా తీయండి. ఇంటికి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. ఆ రెండు వేలు దానికి పెట్టండి.

ఏలూరురోడ్డు
మీరు బాగుచేసేవారు, మేము పోగొట్టుకునేవాళ్ళం. నా స్టెబిలైజర్ నాకు ఉండనివ్వండి.

పాతరిమోట్
నాకు డెబ్బై రెండు. మా అబ్బాయి ప్రేమగా పెద్ద స్మార్ట్ టీవీ కొనిపెట్టాడు. అందులో వార్తలు చూడటానికి ముందు ఒక రిమోట్‌తో టీవీ వేయాలి, అది తన బొమ్మల పేజీ ఏదో చూపిస్తుంది, అందులో ఎవరో ఎవరినో కొడుతుంటారు, తర్వాత ఇన్‌పుట్ అనే మీట నొక్కాలి, రెండో రిమోట్‌తో బాక్సు వేయాలి. మధ్యలో పొరపాటున ఏదో మీట తగిలితే పిల్లల పాటలు మొదలవుతాయి. ఈ లోపు హెడ్‌లైన్స్ అయిపోతాయి. మా ఆవిడ "రేడియో పెట్టుకోండి" అంటుంది.

ఇక్కడ అందరూ చుక్కలు, వోల్టులు మాట్లాడుతున్నారు. ఆ పెద్దాయనను ఒక్కసారి దుకాణానికి తీసుకువెళ్ళి రిమోట్ చేతికి ఇవ్వండి. అంకెల మీటలు ఉన్నాయా, అక్షరాలు కళ్ళజోడు లేకుండా కనిపిస్తున్నాయా చూడమనండి.

నైట్‌డ్యూటీ
పెద్దాయనా, దీనికి మందు ఉంది. టీవీ వేయగానే చివరిసారి చూసిన ఇన్‌పుట్‌కే వెళ్ళేలా సెట్టింగు చాలావాటిలో ఉంటుంది. ఆన్ చేసినప్పుడు ఏమి చూపించాలి అన్న చోట వెతకమనండి. ఇంకా హెచ్‌డీఎంఐ సీఈసీ అని ఒకటి ఉంటుంది. అది టీవీలోనూ బాక్సులోనూ రెండింట్లో ఉంటే, ఒకటి వేస్తే రెండూ వెలుగుతాయి. గూగుల్ టీవీ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నదైతే మొదట అమర్చేటప్పుడే బేసిక్ టీవీ అనే దారి ఎంచుకోవచ్చు. యాప్‌లు, ఖాతా ఏవీ లేకుండా మామూలు టీవీలా పనిచేస్తుంది.

పాతరిమోట్
చివరిసారి చూసిన చోటు దొరికింది. ఈ రాత్రి హెడ్‌లైన్స్ చూశాను. హెడ్‌లైన్స్‌లో ఏమీ లేదు.

గుణదల_గృహిణి
కాలువగట్టు గారూ, అమ్మగారు ఎక్కడ కూర్చుని చూస్తారు? అడిగారా?

కాలువగట్టు
అడిగితే తమ్ముడు నవ్వాడు. కూర్చోదట. సీరియల్ టైముకు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూరగాయలు తరుగుతూ చూస్తుంది. టీవీకి బాగా పక్కవాటం.

ఏలూరురోడ్డు
ఇదిగో, ఇప్పుడు ప్యానల్ రకం పట్టించుకోవాలి. వీఏ ప్యానల్లో నలుపు నిండుగా ఉంటుంది, చీకట్లో సినిమా చూస్తే అందం. కానీ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ ప్యానల్లో నలుపు కాస్త బూడిద రంగులో ఉంటుంది గానీ పక్క నుంచి చూసినా బొమ్మ చెడదు. పట్టపగలు లైట్లు వేసుకుని సీరియళ్ళు చూసే ఇంటికి నలుపు ఎందుకు? ఐపీఎస్ వెతకండి.

దుకాణంలో ఏది ఏదో చెప్పలేరు, అడిగితే "రెండూ సార్" అంటారు. వాళ్ళు తిప్పే నెమళ్ళు, జలపాతాల వీడియో ఆపించి కేబుల్ ఛానల్ పెట్టించండి. ఒక మనిషి ముఖం వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి చూడండి, తర్వాత గోడ వారగా నడిచి చూడండి. ముఖం పాలిపోతే వదిలేయండి. పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటుంది, దాన్ని సినిమా మోడ్‌కు మార్చి చూడండి. నాన్నగారి క్రికెట్ కోసం బంతి వెంట తోక వస్తోందా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

గుణదల_గృహిణి
ఇప్పటిదాకా మీరు చెప్పినవాటిలో ఇదొక్కటే నాకు పనికొచ్చింది.

మిర్చియార్డు
వాయిదాల గురించి ఒక ముక్క. "జీరో వడ్డీ" అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు వేసే వడ్డీని దుకాణం ముందే తగ్గింపుగా ఇస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనవే. పైగా రొక్కం ఇస్తే దొరికే తగ్గింపు పోతుంది. రెండు ధరలూ కాగితం మీద రాయించుకుని చూడండి.

కాలువగట్టు
తీసుకున్నాం. శనివారం మధ్యాహ్నం నాన్నను వెంటపెట్టుకుని అరండల్‌పేటలో తిరిగాం. మిర్చియార్డు గారు చెప్పినట్టు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను, అదృష్టం కొద్దీ వెనక్కి పిలిచారు. 43 అంగుళాలు, 4కే, రెండు జీబీ ర్యామ్, రొక్కం 23,800. మాస్టారు క్షమించాలి, ఫుల్ హెచ్‌డీలో పక్క నుంచి చూస్తే ముఖాలు పాలిపోనిది ఒక్కటీ దొరకలేదు.

నాన్న అన్నిటి రిమోట్లూ పట్టుకుని చూశారు. ఒకదానికి అంకెల మీటలు లేవని పక్కన పెట్టేశారు, అది ధరలో తక్కువది కూడా. నేను గోడ వారగా నడుస్తుంటే సేల్స్ కుర్రాడు "ఏమైనా పోయిందా సార్, వెతుకుతున్నారు" అన్నాడు. కస్టమర్ కేర్‌కు ముందే ఫోన్ చేశాను, గుంటూరులో మనిషి ఉన్నాడని చెప్పారు. స్టెబిలైజర్ వద్దన్నాను.

ఏలూరురోడ్డు
4కే! మాస్టారూ, విన్నారా?

లెక్కలమాస్టారు
విన్నాను. తొమ్మిది అడుగుల నుంచి కనిపించదు.

బుడమేరు_ఒడ్డు
ఎంత ఎత్తున బిగించారు?

కాలువగట్టు
మధ్యభాగం నాలుగు అడుగులకు. తమ్ముడు గీసిన పెన్సిల్ గీత చూసి కూడా బిగించేవాళ్ళు ఇంకో అడుగు పైకి జరపబోయారు. నాన్న కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాక మాట విన్నారు. ఇటుక గోడే కాబట్టి బోల్టులు గట్టిగా పట్టాయి.

కేబుల్ బాక్సుకు హెచ్‌డీఎంఐ సోకెట్ ఉంది, దాని మీద దుమ్ము కప్పిన రబ్బరు మూత కూడా ఉంది. ఎవరూ తీయనే లేదు. మూడు మీటర్ల వైరు కొని కలిపాం. వాల్యూం గొడవ కూడా తగ్గింది, స్పీకరు గూట్లో లేదు కదా.

టంకం
అట్టపెట్టె, థర్మాకోల్ ఏడాది దాకా పారేయవద్దు. ప్యానల్ సర్వీసుకు తీసుకుపోవలసి వస్తే అందులోనే పెట్టాలి. బ్యాక్‌లైటు తగ్గించారా?

కాలువగట్టు
యాభై అయిదు. అమ్మకు ఇదే బాగుందట, కళ్ళు లాగడం లేదంది.

పునుగులచట్నీ
పాత టీవీ ఏమైంది? షోకేసు గూడు ఖాళీయేనా?

కాలువగట్టు
గూట్లోకి మరికొన్ని బొమ్మలు చేరాయి. పాతదానికి పట్టీలు మార్పించి పడకగదిలో పెట్టాం, 2,200 అయింది. ఇప్పుడు నాన్న అక్కడ క్రికెట్ చూడాలంటున్నారు, అదే సమయానికి అమ్మకు ఇక్కడ సీరియల్. రెండో బాక్సు కావాలట. స్తంభంమీదవాడు గారూ, దానికి మళ్ళీ పూర్తి కనెక్షన్ డబ్బు కట్టాలా?

స్తంభంమీదవాడు
ఒకే ఇంట్లో రెండో బాక్సుకు చాలామంది ఆపరేటర్లు తక్కువే తీసుకుంటారు. అడగకపోతే పూర్తిగా వేస్తారు. రెండో దానికి నాన్నగారి స్పోర్ట్స్, వార్తల ఛానళ్ళు మాత్రమే పెట్టించుకోండి. అది 32 కాబట్టి ఎస్‌డీ చాలు. పసుపు వైరు దానికి పనికొస్తుంది.